దొంగ రివ్యూకు జవాబు రాసే ముందు

తిరుపతి

చిరంజీవి అబ్బాయికి పెదనాయన ఆశీర్వదించి రాయునది.

రాత్రి నీవు ఫోనులో మాట్లాడిన తీరు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఒక్క రాత్రిలో గూగుల్‌లో నీ లాడ్జికి మూడు ఒంటి స్టార్ రివ్యూలు పడ్డాయనీ, ఆ పేర్లవారెవరూ మన దగ్గర దిగలేదనీ, పక్క వీధివారే ఈ పని చేయించారనీ అన్నావు. అయి ఉండవచ్చు. అయినా జవాబు రాయడానికి కూర్చోక ముందే ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

చిత్తూరులో మీ మామ నడిపే టిఫిన్ హోటలుకు రోజూ వచ్చేవాళ్లున్నారు; ఎవరేమి రాసినా వాళ్లు తమ నాలుకనే నమ్ముతారు. రైల్వే స్టేషను దగ్గర లాడ్జికి ఆ ఆసరా లేదు. వచ్చిన యాత్రికుడు ఒక రాత్రి ఉండి, కొండకు పోయి, దర్శనం చేసుకుని తన ఊరికి వెళ్లిపోతాడు. రేపు దిగబోయే కుటుంబం ఈ రాత్రి చెన్నై బస్సులోనో బెంగళూరు బస్సులోనో కూర్చుని నీ రేటింగు చూస్తూ ఉంటుంది. నీ జవాబు చదివేది ఆ కుటుంబమే కనుక, వాళ్లు ఎదురుగా నిలబడి వింటున్నట్లు రాయాలి.

నేను చేసిన తప్పొకటి నీకు ఇంతవరకు చెప్పలేదు. ఒక ఏడాది బ్రహ్మోత్సవాల రోజుల్లో మా లాడ్జి మీద వరుసగా నాలుగు చెడ్డ రివ్యూలు వచ్చాయి. మూడింటిలో వాక్యాలు ఒకే అచ్చులో పోసినట్లున్నాయి; వాటిలో ఒక ఖాతా నుంచి అదే రోజున మూడు వేర్వేరు రాష్ట్రాల హోటళ్లకు కూడా ఒక్కొక్క స్టారు పడి ఉంది. నాలుగోది కూడా ఆ ముఠా పనేనని తీర్మానించుకుని, ‘మీరు మా గుమ్మం తొక్కనే లేదు, అబద్ధమాడుతున్నారు’ అని అందరికీ కనబడేటట్లు రాశాను. రెండు రోజుల తర్వాత రిజిస్టరు తిరగేస్తుంటే అసలు సంగతి బయటపడింది. రూము ఆ నాలుగో రివ్యూ రాసినాయన బావమరిది పేరు మీద ఉంది; పక్కన ‘మొత్తం ఐదుగురు’ అని నా చేతివ్రాతే ఉంది. పసిబిడ్డ కోసం తెల్లవారుజామున వేడినీళ్లు అడిగితే, గీజరు పాడైందని మా కుర్రవాడు ఉత్త చేతులతో పంపేసిన మాట కూడా నిజమే. బావమరిది నంబరుకు ఫోను చేసి, ఆయనను పిలిపించుకుని క్షమించమని అడిగాను. నా జవాబు తీసివేసి వేరొకటి రాశాను. రివ్యూ మార్చమని అడగడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి, రిజిస్టరులో పేరు లేనంత మాత్రాన రివ్యూ దొంగదని అనుకోవద్దు. ఆ తేదీన దిగినవారి వెంట ఎందరు వచ్చారో, డబ్బు ఎవరి యూపీఐ నుంచి వచ్చిందో, రాసినదానిలో మన లాడ్జి ఆనవాళ్లున్నాయో లేదో చూడు. లిఫ్టే లేని చోట లిఫ్టు ఆగిపోయిందని రాసి ఉంటే అది మన లాడ్జి గురించి కాదని తేలిపోతుంది. గూగుల్‌లో నీ లాడ్జి పేరు కింద ఉన్న ఫోను నంబరు నీదో కాదో కూడా వారానికొకసారి సరిచూసుకో. అక్కడి వివరాలకు మార్పులు సూచించే వీలు ఎవరికైనా ఉంది. మోసగాడి నంబరు చేరితే, వాడికి అడ్వాన్సు పంపి మోసపోయిన యాత్రికుడు నిన్నే తిడతాడు. అతని బాధ నిజమైనది కనుక, అతనితో మర్యాదగా మాట్లాడాలి.

ఇదంతా చూశాక కూడా దొంగదని తేలితే, మొదట స్క్రీన్‌షాట్లు తీసుకో: రివ్యూ, తేదీ, ఆ ఖాతా ఇతర చోట్ల రాసినవి, లింకు. తర్వాత ఫిర్యాదు చేయి. రూము శుభ్రంగా ఉందా లేదా అనే తగవును గూగుల్ తీర్చదు. అసలు బస చేయనివారు రాసినదా, పోటీదారు రాయించినదా, తిట్లున్నాయా అన్న తన నియమాలనే చూస్తుంది. అందుకని కారణం సరైనది ఎంచుకోవాలి. కాదన్నా అప్పీలు చేసుకునే వీలుంది. ఈలోగా జవాబు ఇంతే రాయి: ‘ఈ పేరుతో మా రిజిస్టరులో బస కనబడడం లేదు. వేరొకరి పేరు మీద రూము తీసుకుని ఉంటే దయచేసి మా కౌంటరుకు ఫోను చేయండి, విచారించి సరిదిద్దుతాము.’ తమిళంలో రాసినవారికి తమిళంలోనే, కన్నడంలో రాసినవారికి కన్నడంలోనే, ఆ భాష వచ్చినవారి చేత చూపించి పెట్టు. కోపం ఎంత ఉన్నా ఎవరి ఫోను నంబరు గానీ, రూము నంబరు గానీ, ఆధార్ వివరాలు గానీ అందులో రాయకూడదు.

రివ్యూలు తీయిస్తామని వాట్సాప్‌లో ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ఇస్తే మళ్లీ వస్తారు. ఆ సందేశాలు చెరపకుండా దాచి, జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్‌లోనూ మన పోలీసు స్టేషనులోనూ ఫిర్యాదు చేయి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయాలి. భారతీయ న్యాయ సంహితలో బెదిరించి వసూలు చేయడానికి 308వ సెక్షను, పరువునష్టానికి 356వ సెక్షను ఉన్నాయి. పరువునష్టం దావాకు మాత్రం వకీలును అడగనిదే దిగవద్దు.

యాభై మంచి రివ్యూలు కొనుక్కుందామని నీ స్నేహితుడు అన్న మాట నాకు మిక్కిలి బాధ కలిగించింది. కొన్న రివ్యూలు ప్రచురించకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం చెబుతోంది. గూగుల్ నియమాలూ ఒప్పుకోవు. రివ్యూ రాస్తే బాడుగ తగ్గిస్తామనడం కూడా ఆ నిషేధంలోనిదే. అంతకన్నా లెక్క చూడు. ఈ మూడూ పడక ముందు నీకు 40 రివ్యూలు, సగటు 4.5. మూడు ఒంటి స్టార్లు పడగానే 4.3కు దిగింది. అదే 400 ఉంటే ఆ మూడూ పడినా 4.5 దగ్గరే నిలుస్తుంది. రూము ఖాళీ చేసేటప్పుడు, మెచ్చుకున్నవారినీ సణిగినవారినీ ఒకే విధంగా, ‘ఉన్నది ఉన్నట్లు రాయండి’ అని అడగడం అలవాటు చేసుకో. కౌంటరు మీద క్యూఆర్ కోడ్ కార్డు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగింటిలోనూ పెట్టించు.

ఆదివారం ఆ వారపు రిజిస్టరు, యూపీఐ లెక్క, స్క్రీన్‌షాట్లు తీసుకుని ఇంటికి రా. ఆ మూడు రివ్యూలనూ ఒక్కొక్కటిగా ఇద్దరం కూర్చుని చూద్దాము. అంతవరకు జవాబు పెట్టవద్దు.

ఆశీస్సులతో,
పెదనాయన