కంప్యూటర్ సందేహాలు: పాస్‌వర్డ్ కొట్టాక ఎంతసేపీ ఎదురుచూపు?

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది, హార్డ్‌డిస్క్ పాతది. డెస్క్‌టాప్ వచ్చాక కూడా బ్రౌజర్ తెరుచుకోవడానికి నాలుగైదు నిమిషాలు పడుతోంది. కంప్యూటర్‌తో పాటు వాటంతటవే తెరుచుకునే స్టార్టప్ ప్రోగ్రాముల్లో ఏవి ఆపొచ్చు, ఏవి ముట్టుకోకూడదు?

జవాబు: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ చిన్న పెట్టెలా వస్తే అడుగున ‘మోర్ డీటెయిల్స్’ నొక్కి ‘స్టార్టప్’ ట్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడ ‘స్టార్టప్ ఇంపాక్ట్’ వరుసలో ‘హై’ అని ఉంటే, ఆ ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ప్రాసెసర్‌ని 1 సెకనుకు మించి వాడుకుందనో, డిస్కుతో 3 ఎంబీకి మించి పని పెట్టుకుందనో లెక్క. 3 ఎంబీ ఈ రోజుల్లో ఏ మూలకి? అందుకే ‘హై’ని చూసి కంగారు పడక్కర్లేదు. వరుసల శీర్షిక మీద రైట్‌క్లిక్ చేసి ‘డిస్క్ ఐ/ఓ ఎట్ స్టార్టప్’కి టిక్ పెడితే అసలు అంకెలు కనిపిస్తాయి. 3.2 ఎంబీదీ, 90 ఎంబీదీ రెండూ ‘హై’లోనే ఉంటాయి, మీరు పట్టుకోవాల్సింది రెండోదాన్ని. హార్డ్‌డిస్క్‌లో చదివే ముల్లు ఒక సమయంలో ఒకచోటే ఉంటుంది. పది ప్రోగ్రాములు ఒక్కసారిగా ఫైళ్లు అడిగితే అది అటూ ఇటూ పరుగులు తీయడంతోనే సరిపోతుంది.

చాటింగ్, మీటింగ్, పాటల యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్‌లో ఇంకు చూపించే ప్రోగ్రామ్ వగైరాలను రైట్‌క్లిక్ చేసి నిశ్చింతగా ‘డిసేబుల్’ కొట్టండి. అవేమీ చెరిగిపోవు, కావాల్సినప్పుడు మీరే తెరుచుకోవచ్చు. ఇంకు ప్రోగ్రామ్ ఆపినా ప్రింట్లు వస్తాయి, ఆ పని చేసే సర్వీసు (తెర మీద కనిపించకుండా వెనక నడిచే ప్రోగ్రామ్) వేరు. సినాప్టిక్స్, ఎలాన్ పేర్లుంటే వదిలేయండి, అవి టచ్‌ప్యాడ్‌వి. ఆపితే రెండు వేళ్లతో స్క్రోల్ చేయడం లాంటివి పోవచ్చు. యాంటీవైరస్ జోలికీ వెళ్లొద్దు. మీ ఫైళ్లను నెట్‌లో దాచే వన్‌డ్రైవ్‌ని ఆపొచ్చు గానీ, మళ్లీ మీరు తెరిచేదాకా కొత్త ఫైళ్లు అక్కడికి వెళ్లవని గుర్తుంచుకోండి.

ఒకేసారి అన్నీ కాకుండా రెండు మూడు ఆపి, ‘రీస్టార్ట్’ చేసి చూడండి. ‘షట్ డౌన్’ వద్దు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్ డౌన్‌లో విండోస్ తన లోపలి భాగాన్ని డిస్కులో దాచుకుని మర్నాడు దాన్నే లేపుతుంది కాబట్టి పోలిక సరిగ్గా కుదరదు.

ప్రశ్న: ఒక యాప్‌ని ఎన్నిసార్లు డిసేబుల్ చేసినా మళ్లీ వచ్చేస్తోంది.

జవాబు: ముందు ఆ యాప్ సెట్టింగుల్లోనే, కంప్యూటర్‌తో పాటు తెరుచుకోమనే టిక్ తీసేయండి. అప్పటికీ వస్తుంటే, పనులను వాటంతటవే మొదలయ్యేలా చేసే టాస్క్ షెడ్యూలర్‌లో ‘ట్రిగ్గర్స్’ కింద ‘ఎట్ లాగ్ ఆన్’ అని దాని పేరుతో ఏదైనా ఉందేమో చూసి ఆపండి. స్టార్టప్ ట్యాబ్‌లో ఇలాంటివి కనిపించవు. సర్వీసు రూపంలో వస్తుంటే రన్ పెట్టెలో (విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కితే వచ్చేది) ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని కొట్టి, ‘సర్వీసెస్’లో ముందుగా ‘హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్’కి టిక్ పెట్టి, ఆ తర్వాతే వెతకండి. ఆ టిక్ లేకుండా చేయి పెడితే నెట్టో, శబ్దమో పోవచ్చు.

ప్రశ్న: అన్నీ ఆపేశాను. అయినా పాస్‌వర్డ్ అడిగే తెర రావడానికే రెండు నిమిషాలు.

జవాబు: స్టార్టప్ ప్రోగ్రాములు మీరు పాస్‌వర్డ్ కొట్టాక లేస్తాయి, అంతకుముందు ఆలస్యానికి వాటికి సంబంధం లేదు. స్టార్టప్ ట్యాబ్‌లోనే పైన కుడివైపు ‘లాస్ట్ బయాస్ టైమ్’ చూడండి. బయాస్ అంటే విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్‌ని సిద్ధం చేసే ప్రోగ్రామ్. ఆ సమయం బాగా ఎక్కువుంటే విండోస్ మొదలవకముందే జాప్యం జరుగుతున్నట్టు. పెన్‌డ్రైవ్‌లు తీసేసి, బయాస్‌లో బూట్ వరుసలో (ఏ డిస్కు నుంచి ముందు మొదలవాలో చెప్పే జాబితాలో) విండోస్ ఉన్న డిస్కును ముందుకు తెచ్చుకోండి. ఆ సమయం తక్కువగా ఉండి, ఉన్నది పాత హార్డ్‌డిస్క్ అయితే ఎస్ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కుకి) మారడమే దారి. ఎంఎస్‌కాన్ఫిగ్ ‘బూట్’లో ప్రాసెసర్ల సంఖ్య పెంచమనే చిట్కా ఊరంతా తిరుగుతోంది. ఆ పెట్టె ఉన్నది పరీక్షల కోసం ప్రాసెసర్లు తగ్గించడానికి. టిక్ లేకపోతే విండోస్ ఎలాగూ అన్నిటినీ వాడుకుంటుంది.