సరిహద్దు దాటి వచ్చే పచ్చి మాంసం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు

ప్రశ్న: పొరుగు దేశంలో మాంసం చౌకగా దొరుకుతుంది, నాణ్యత కూడా బాగుంటుంది. కారులో వెళ్లి కొనుక్కొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్ని సరిహద్దుల్లో కిలోల కొద్దీ తెచ్చినా అడ్డు చెప్పరనీ, కొన్నిచోట్ల అరకిలో కనిపించినా తీసి పారేస్తారనీ విన్నాను. ఒకే వస్తువు విషయంలో ఇంత తేడా ఎందుకు?

జవాబు: సరిహద్దులో మాంసాన్ని ఆపడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి సుంకం, రెండోది పశువుల జబ్బు. మీరు విన్న మాటల్లో ఈ రెండూ కలిసిపోయాయి కాబట్టి విడదీసి చెబుతాను.

స్విట్జర్లాండులో ఉండేవారు చుట్టుపక్కల యూరోపియన్ యూనియన్ దేశాలకు వెళ్లి మాంసం కొని తెచ్చుకోవడం మామూలు విషయం. అక్కడ ఒక్కొక్కరు రోజుకు 1 కిలో వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, ఆపైన 10 కిలోల దాకా కిలోకు 17 ఫ్రాంకుల చొప్పున చెల్లించాలి. అంటే మాంసం లోపలికి రావడం గురించి బెంగ లేదు, తమ రైతుకు గిట్టుబాటు ధర పడిపోకుండా చూసుకోవడమే ఆ నియమం ఉద్దేశం. స్వీడన్ వెళ్లి మాంసం కొనుక్కొచ్చే నార్వే వాసులకు కూడా మాంసం, జున్ను వంటివన్నీ కలిపి మనిషికి 10 కిలోల పరిమితి ఉంది. ఇలాంటి చోట్ల పరిమితి దాటితే చాలావరకు డబ్బుతో తేలిపోతుంది.

రెండో రకం సరిహద్దులో డబ్బు కట్టి బయటపడే వీలు ఉండదు. యూరోపియన్ యూనియన్ లోపల ఒక దేశం నుంచి మరో దేశానికి సొంత వాడకానికి మాంసం తీసుకువెళ్లడానికి సాధారణంగా అడ్డులేదు, ఎందుకంటే ఆ దేశాలన్నీ ఒకే పశువైద్య నిబంధనల కింద ఉన్నాయి. అదే యూనియన్ వెలుపలి నుంచి వచ్చే ప్రయాణికుడు, మినహాయింపు ఉన్న కొద్ది దేశాల నుంచి వస్తే తప్ప, మాంసం గానీ పాల పదార్థాలు గానీ వెంట తేకూడదు. ఈ ఏర్పాట్లు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2025 జనవరిలో జర్మనీలో, ఆ తర్వాత హంగేరీలో, స్లొవేకియాలో గాలికుంటు వ్యాధి (పశువుల నోటిలో, గిట్టల దగ్గర పుండ్లు పుట్టించే వైరస్ జబ్బు) బయటపడింది. దాంతో ఆ ఏడాది ఏప్రిల్ 12 నుంచి గ్రేట్ బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వచ్చే ప్రయాణికులెవరూ గొడ్డు, గొర్రె, మేక, పంది మాంసాలను, ఆ పశువుల పాల పదార్థాలను తీసుకురాకూడదని ఆదేశించింది. అంతకు ముందు వారం నిశ్చింతగా తెచ్చుకున్నవారికి ఆ రోజు నుంచి అదే పొట్లం నేరమైంది, ఇంగ్లండులో తీవ్రమైన సందర్భాల్లో 5,000 పౌండ్ల వరకు జరిమానా పెట్టారు.

కాబట్టి కిందటిసారి వదిలారు కదా అన్న ధీమాతోగానీ, బంధువులు చెప్పిన మాట మీద ఆధారపడిగానీ మాంసం కొనకండి. మీరు అడుగుపెట్టబోయే దేశపు పశు ఆరోగ్య శాఖ వెబ్‌సైటును బయలుదేరే ముందు రోజు చూడండి. చూసేటప్పుడు ఏ దేశం నుంచి తెస్తున్నారు, ఏ జంతువు మాంసం, పచ్చిదా వండినదా అనే మూడింటికీ జవాబు వెతకండి, ఎందుకంటే కోడి మాంసానికి ఒక నియమం, పంది మాంసానికి మరొకటి ఉండటం సర్వసాధారణం.

ప్రశ్న: పేరున్న దుకాణంలో, ప్రభుత్వ తనిఖీ ముద్ర ఉన్న మాంసాన్ని కొని, గాలి తీసి సీలు చేయించి, గడ్డకట్టించి తెచ్చాను. అయినా విమానాశ్రయంలో తీసేసుకున్నారు. ఆ జబ్బులేవో మనుషులకు రావని మీ పత్రికలోనే చదివాను. నా ఇంట్లో వండుకుని నేను తినే మాంసం వల్ల ఎవరికి నష్టం?

జవాబు: మీ బాధ న్యాయమైనదే. దుకాణంలో వేసిన ముద్ర ఆ మాంసం తినడానికి పనికివస్తుందని చెబుతుంది, అది తినేవారి కోసం. సరిహద్దులో తనిఖీ చేసే అధికారి చూసేది మీ ఆరోగ్యం గురించి మాత్రమే కాదు. ఆ మాంసం ముక్కలో మిగిలినది ఏ పశువు నోటికి చేరుతుందో అన్నది ఆయన ప్రధాన ఆందోళన.

మీరు తినే భాగం వల్ల ప్రమాదం లేదు. తినకుండా వదిలిన ఎముక, కోసేటప్పుడు తీసేసిన కొవ్వు, పొట్లంలో కారిన నీరు, రుచి నచ్చక చెత్తబుట్టలో వేసిన ముక్క, వీటితోనే సమస్య. 2001లో బ్రిటన్‌లో చెలరేగిన గాలికుంటు వ్యాధి మూలాన్ని వెతుక్కుంటూ వెళ్లిన పశువైద్యులు చివరికి ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని ఒక పందుల పెంపకం కేంద్రానికి చేరుకున్నారు. అక్కడ హోటళ్ల నుంచి, వంటశాలల నుంచి వచ్చిన మిగులు ఆహారాన్ని సరిగా ఉడికించకుండా కుడితిగా పోసేవారు. అక్రమంగా దేశంలోకి వచ్చిన మాంసం అందులో కలిసి ఉంటుందన్నది అధికారుల నిర్ధారణకు దగ్గరగా వచ్చిన అంచనా. ఆ ఒక్క ఏడాదిలో 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చింది. ప్రభుత్వానికి, ప్రైవేటు రంగానికి కలిపి సుమారు 800 కోట్ల పౌండ్ల నష్టం వాటిల్లింది. జబ్బు సోకని మందలను కూడా ముందుజాగ్రత్తగా చంపారు. ఏళ్ల తరబడి పెంచుకున్న గొర్రెలను ఒక్క పూటలో కోల్పోయిన రైతు స్థానంలో ఉండి ఆలోచిస్తే, విమానాశ్రయంలో పోయిన పొట్లం విలువ ఏపాటిదో మీకే అర్థమవుతుంది.

ఇక గడ్డకట్టించడం సంగతి. చాలామంది దీన్ని రక్షణ అనుకుంటారు, నిజానికి జరిగేది దానికి వ్యతిరేకం. జంతువును కోసిన తర్వాత కండరంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం క్రమంగా లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. బతికున్నప్పుడు 7 దగ్గర ఉండే పీహెచ్ విలువ (ఆమ్లం ఎంత ఉందో చూపే కొలత, ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) ఒక రోజు గడిచేసరికి 5.5 ప్రాంతానికి దిగుతుంది. గాలికుంటు వైరస్ పీహెచ్ 6 కంటే కిందికి పోతే బతకలేదు కనుక, బాగా మాగిన కండలో అది దానంతటదే నశిస్తుంది. కోసిన వెంటనే గడ్డకట్టిస్తే ఆమ్లం తయారయ్యే ప్రక్రియ అక్కడే నిలిచిపోతుంది, వైరస్ నెలల తరబడి భద్రంగా ఉంటుంది. పైగా ఎముకలోని మూలుగలోనూ, శోషరస (లింఫ్) గ్రంథుల్లోనూ, రక్తపు గడ్డల్లోనూ ఈ ఆమ్లం ఏర్పడదు. కాబట్టి మాగబెట్టిన మాంసంలో కూడా ఎముక ఉంటే ప్రమాదం ఉన్నట్టే.

ఈ జబ్బు ఉన్న దేశాలు కూడా గొడ్డు మాంసాన్ని ఎగుమతి చేస్తూనే ఉన్నాయి కదా అని మీరు అడగవచ్చు. చేస్తున్నాయి, కానీ ఎలా చేస్తున్నాయో చూడండి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఎముకలు, ప్రధాన శోషరస గ్రంథులు తీసేసే ముందు కళేబరాన్ని 2 డిగ్రీల సెల్సియస్‌కు పైన కనీసం 24 గంటలు మాగబెట్టాలి. తర్వాత వెన్ను వెంబడి రెండు పక్కలా ఉండే పొడవాటి కండరాల మధ్యలో పీహెచ్ కొలిచి, రెండుచోట్లా 6 కంటే తక్కువ ఉందని చూడాలి. దాని మీద అధికారిక పశువైద్యుడు ధ్రువపత్రం ఇవ్వాలి. మీ పొట్లానికి లేనిది ఆ ధ్రువపత్రమే. దుకాణదారు ఎంత నిజాయితీపరుడైనా దాన్ని ఇవ్వలేడు.

పంది మాంసం విషయంలో ఇంకా గట్టిగా ఉండక తప్పదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్‌ను ఆ ఆమ్లం ఏమీ చేయలేదు. ఉప్పులో ఊరబెట్టినా, పొగబెట్టి ఆరబెట్టినా నెలల పాటు నిలిచి ఉండగలదు, గడ్డకట్టిన మాంసంలో ఏళ్ల పాటు ఉండగలదు. మనుషులకు సోకదన్నది నిజమే, కానీ పందులకు సోకితే తీవ్రమైన రకంలో దాదాపు అన్నీ చనిపోతాయి. 1957లో ఆ జబ్బు ఆఫ్రికా దాటి పోర్చుగల్ చేరింది లిస్బన్ విమానాశ్రయం దగ్గర, విమానాల్లో మిగిలిన ఆహారాన్ని పందులకు పెట్టడం వల్ల. 2007లో జార్జియా దేశంలోని పోటి అనే రేవు పట్టణం దగ్గర బయటపడినప్పుడు కూడా ఓడల వంటశాలల వ్యర్థాల మీదే అనుమానం. అక్కడి నుంచి అది తూర్పు యూరప్ అంతటా పాకింది, 2018 ఆగస్టులో చైనాలో కనిపించింది.

ప్రశ్న: పచ్చిది వద్దంటే వండి తీసుకురావచ్చా?

జవాబు: పై వైరస్‌లు చావాలంటే ముక్క లోపలి భాగం వరకు 70 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాల పాటు తగలాలన్నది ప్రమాణం. ఇంట్లో వండిన కూరలో అది జరిగి ఉండవచ్చు, కానీ జరిగిందని అధికారికి చూపించే ఆధారం మీ దగ్గర ఉండదు. అందువల్ల చాలా దేశాలు ఇంటి వంటను పచ్చి మాంసంతో సమానంగానే చూస్తాయి. ఫ్యాక్టరీలో డబ్బాలోనే వేడిచేసి మూసిన మాంసానికి కొన్నిచోట్ల అనుమతి ఉంటుంది. శాండ్‌విచ్‌లో ఉన్న ముక్క కూడా మాంసం కిందికే వస్తుందని మరిచిపోకండి. 2022లో బాలి నుంచి డార్విన్ చేరిన ఒక ప్రయాణికుడు సంచిలో ఉన్న అల్పాహారం గురించి అధికారులకు ప్రకటించనందుకు 2,664 ఆస్ట్రేలియా డాలర్లు కట్టవలసి వచ్చింది. ఇండొనేషియాలో గాలికుంటు వ్యాధి కొత్తగా వ్యాపిస్తున్న రోజులవి.

ప్రశ్న: మాంసం ఉందని మనంతట మనం చెబితే ఊరికే చిక్కుల్లో పడతామేమో? చెప్పకుండా వచ్చేవాళ్లకు ఏమీ కావడం లేదు కదా?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. తెచ్చిన వస్తువుకు అనుమతి లేకపోవడం ఒక సంగతి, దాన్ని దాచడం మరొక సంగతి. చాలా దేశాల్లో డిక్లరేషన్ ఫారంలో మాంసం ఉందని రాసి అధికారికి చూపిస్తే, అనుమతి ఉన్నదైతే మీకు తిరిగి ఇస్తారు, లేనిదైతే తీసుకుని నాశనం చేస్తారు. మాంసం పోతుంది తప్ప మీ మీద మచ్చ పడదు. రాయకుండా పట్టుబడితే మాత్రం అమెరికాలో సొంత వాడకానికి తెచ్చిన కొద్దిపాటి సరుకుకైనా మొదటిసారే 1,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. న్యూజిలాండులో అక్కడికక్కడే 400 డాలర్లు వసూలు చేస్తారు. జపాన్‌లో చట్టవిరుద్ధంగా మాంసం తెచ్చినందుకు 3 సంవత్సరాల వరకు జైలు లేదా 30 లక్షల యెన్‌ల వరకు జరిమానా పడవచ్చు. 2019 అక్టోబరులో సిడ్నీలో ఒక పర్యాటకురాలి సామానులో ప్రకటించని ఆహారం దాదాపు 10 కిలోలు, అందులో 4 కిలోలకు పైగా పచ్చి పంది మాంసం దొరికితే, ఆమె వీసాను రద్దుచేసి వెనక్కి పంపారు.

పట్టుబడరన్న నమ్మకం కూడా సరైనది కాదు. వాసన పట్టే బీగిల్ కుక్కలను అమెరికా 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో మొదలుపెట్టి వాడుతోంది. ఎక్స్‌రే తెర మీద మాంసం ముద్ద బట్టల మధ్య స్పష్టంగా వేరుగా కనిపిస్తుంది.

ప్రకటించేవారు చేసే పొరపాటు ఒకటుంది. చోటు కలిసొస్తుందని దుకాణపు ప్యాకింగు విప్పేసి మామూలు కవర్లలో సర్దుతారు. అప్పుడు అది ఏ జంతువుదో, ఏ దేశానిదో అధికారికి తెలిసే మార్గం ఉండదు, అనుమతి ఉన్న మాంసం కూడా అనవసరంగా పోతుంది. లేబుల్‌తో ఉన్న అసలు ప్యాకెట్‌ను, కొన్న రసీదును అలాగే ఉంచి, సంచిలో పైనే పెట్టుకోండి. మధ్యలో విమానం మారే దేశంలో కస్టమ్స్ దాటవలసి వస్తే ఆ దేశపు నియమాలు కూడా మీకు వర్తిస్తాయి.

ప్రశ్న: మేము వెళ్లే దారిలో అనుమతి ఉందని నిర్ధారించుకున్నాం. ఏడెనిమిది గంటల ప్రయాణం. చెడిపోకుండా ఎలా తేవాలి?

జవాబు: 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. ఆ వేడిలో పచ్చి మాంసం మొత్తం 2 గంటలకు మించి ఉండకూడదు, బయట ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. ఈ లెక్క దుకాణంలో బిల్లు కట్టిన నిమిషం నుంచి మొదలవుతుంది, కాబట్టి మాంసం కొనడం తిరుగు ప్రయాణంలో ఆఖరి పనిగా పెట్టుకోండి. చల్లగా లేని పెట్టెలో ఐస్ వేస్తే ఆ ఐస్‌లో చాలా భాగం పెట్టెను చల్లార్చడానికే పోతుంది, అందుకని ముందురోజు రాత్రే పెట్టెను చల్లబరచి ఉంచండి. చల్లని గాలి కిందికి దిగుతుంది కనుక ఐస్ ప్యాక్‌లు అడుగునే కాక పైన కూడా ఉండాలి, ఖాళీ జాగాలను నలిపిన కాగితంతో నింపాలి. కారు డిక్కీలో కంటే ఏసీ తగిలే సీట్ల దగ్గర పెట్టడం మేలు. లోపల చిన్న థర్మామీటరు ఉంటే మూత తీసి తీసి చూసే అవసరం ఉండదు.

కీమా, కాలేయం, కోడి మాంసం పెద్ద ముక్కల కంటే త్వరగా చెడతాయి, ఇంటికి చేరాక ఫ్రిజ్‌లో వాటిని ఒకటి రెండు రోజులకు మించి ఉంచకండి. గాలి తీసిన ప్యాకింగు చల్లదనానికి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే గాలి లేకుండానే పెరిగే ప్రమాదకరమైన బాక్టీరియా కూడా ఉంది. వాసన బాగానే ఉందన్న ధైర్యం కూడా పనికిరాదు, జబ్బు చేసే సూక్ష్మజీవులు చాలావరకు వాసన పుట్టించవు.

విమానంలో డ్రై ఐస్ వాడాలంటే విమాన సంస్థ అనుమతితో మనిషికి 2.5 కిలోల వరకు తీసుకువెళ్లవచ్చు, అయితే పెట్టె నుంచి గాలి బయటికి పోయే దారి ఉండాలి. డ్రై ఐస్ కరిగి నీరు కాదు, కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది. గట్టిగా మూసిన పెట్టె పగలవచ్చు, అద్దాలు మూసిన కారులో ఊపిరాడకపోవచ్చు. చేతితో తాకితే చర్మం కాలుతుంది.

ప్రశ్న: ఈ నియమాలేవీ తెలియక కిందటి నెల తెచ్చిన మాంసం ఫ్రీజరులో ఉంది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ముందుగా మీ ప్రాంతపు పశు ఆరోగ్య శాఖకు ఫోన్ చేసి, ఏ దేశం నుంచి వచ్చిన ఏ మాంసమో చెప్పండి, వాళ్లు చెప్పినట్టు చేయండి. ఈలోగా పొట్లాన్ని విప్పకండి. అందులోని ముక్కగానీ, ఎముకగానీ, కడిగిన నీరుగానీ కుక్కలకు, పందులకు, కోళ్లకు, పశువుల కుడితిలోకి చేరనీయకండి. పెరట్లో పాతిపెట్టకండి, ఎరువు గుంతలో వేయకండి, అడవి జంతువులు తవ్వి తీయగలవు. మాంసం తాకిన కత్తి, చెక్క, ఫ్రీజరు అర సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. పశువులు ఉన్న ఇంటికి వెళ్లేముందు చేతులు కడుక్కుని, బట్టలు, చెప్పులు మార్చుకోండి.