పిల్లల చేతికి పిండిముద్ద, మట్టిరంగు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే సంగతి మీద ఉన్నాయి. పిల్లలు బొమ్మలు చేసుకునే ముద్దలు, పూసుకునే రంగులు ఇంట్లోనే తయారు చేయడం ఎలాగని. కొలతలు రాసుకుని ఫ్రిజ్‌కు అంటించుకుంటే చాలదని నా గట్టి నమ్మకం. ముద్దను పట్టి ఉంచే జిగురు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోండి. అది తెలిస్తే చెడిన ముద్దను మీరే బాగు చేసుకోగలరు. అందుకే ప్రతి జవాబులోనూ ముందు జిగురు సంగతే చెబుతాను.

ప్రశ్న: *టీచర్‌గారూ, ఎండాకాలం సెలవుల్లో మా పాపతో మైదా, ఉప్పు కలిపి బొమ్మలు చేయించాను. రాయిలా ఎండాయి. రంగులు కూడా వేసుకుంది. వానలు మొదలయ్యాక బొమ్మలన్నీ చెమ్మగిల్లి మెత్తబడ్డాయి. ఏనుగు తొండం ఊడిపోయింది. పాప ఒకటే ఏడుపు. నేను ఎక్కడ తప్పు చేశాను?*
*– ఒక తల్లి, కాకినాడ*

జవాబు: మీ చేతిలో తప్పేమీ లేదమ్మా. రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, కప్పుకు కాస్త తక్కువగా నీళ్లు అనే ఆ కొలత పొడి గాలి వీచే ఊళ్లకు సరిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రం పక్కనున్న మీ ఊళ్లో శ్రావణ మాసంలో గాలి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. కల్లుప్పు వాడి ఉంటే పరిస్థితి మరీ కష్టం, అందులోని మెగ్నీషియం లవణాలు తేమను ఇంకా తొందరగా లాగుతాయి. పైన వార్నిష్ పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది గానీ, వేలి ముద్రంత ఖాళీ మిగిలినా అక్కడి నుంచే చెమ్మ లోపలికి దిగుతుంది.

ఆడుకునే ముద్ద వేరు, దాచుకునే బొమ్మ వేరు అని ముందే అనుకోండి. రెండింటికీ ఒకే పిండి పనికిరాదు.

ఆడుకోవడానికైతే ఉడికించిన ముద్ద చేయండి. మైదా ఒక కప్పు, మెత్తని ఉప్పు అర కప్పు, నీళ్లు ఒక కప్పు, నిమ్మరసం రెండు పెద్ద చెంచాలు, వంటనూనె ఒక పెద్ద చెంచా. అన్నీ గిన్నెలో పోసి, ఉండలు లేకుండా కలిపి, అప్పుడు సన్నని సెగ మీద పెట్టండి. ముందు పల్చగా జారుతూ ఉంటుంది. కాసేపటికి అడుగున అక్కడక్కడా గడ్డ కడుతుంది. చాలామంది అక్కడే కంగారుపడి దించేస్తారు. దించకండి. గరిటె తిప్పుతూనే ఉంటే పిండి గిన్నె అంచులను వదిలి గరిటె చుట్టూ చేరుతుంది. పచ్చి పిండి మెరుపు పోతుంది. అప్పుడు పళ్లెంలో వేసి, గోరువెచ్చగా అయ్యాక పాపకు ఇచ్చి పిసకమనండి. ఆ వేడి ముద్దను రెండు చేతులా నొక్కడంలో ఉన్న ఆనందం బజారు డబ్బాలో దొరకదు. ఆ పని మీరు చేసేయకండి, ఆమెకే వదలండి.

ఇందులో జిగురు రెండు చోట్ల నుంచి వస్తుంది. మైదాలో సాగే గుణం ఒకటి. 60 డిగ్రీల వేడి దాటాక పిండిపదార్థం నీళ్లు తాగి ఉబ్బి గంజి కట్టడం రెండోది. ఉడికించిన ముద్ద పచ్చి ముద్దకన్నా ఎక్కువ రోజులు మెత్తగా ఉండేది ఈ రెండో జిగురువల్లే. బిగుతు మూత ఉన్న డబ్బాలో కొన్ని వారాలు నిలుస్తుంది. నల్లని చుక్క కనిపించినా, పుల్లని వాసన వచ్చినా మొత్తం పారేయండి.

దాచుకునే బొమ్మలకు ఉప్పు లేని ముద్ద కావాలి. వంటసోడా రెండు కప్పులు, కార్న్‌ఫ్లోర్ ఒక కప్పు, చల్లని నీళ్లు కప్పుంబావు. బేకింగ్ పౌడర్ కాదు, వంటసోడాయే. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లగా, చేతికి జారిపోయే పొడి. మొక్కజొన్నలు మర పట్టించిన పసుపుపచ్చ పిండి పనికిరాదు. ఇదీ సెగ మీద తిప్పుతూ ఉడికించాల్సిందే. దగ్గర పడ్డాక దించి, తడిబట్ట కప్పి చల్లార్చి, మర్దించి బొమ్మలు చేయించండి. తెల్లగా, నునుపుగా ఆరుతుంది, రంగు చక్కగా పడుతుంది. ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే పైన ముందు ఆరి, లోపల తడి మిగిలి, పగుళ్లు వస్తాయి. తొండం, చెవి లాంటివి అతికించేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, నీళ్లలో కలిపిన అదే ముద్దను మధ్యలో రాసి నొక్కండి. ఈసారి తొండం ఊడదు.

ఒక హెచ్చరిక. అర కప్పు ఉప్పంటే దాదాపు 140 గ్రాములు. పెద్ద పిల్లలు నాలుక మీద పెట్టగానే ఉమ్మేస్తారు. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఉన్న ఇంట్లో ఉప్పు ముద్దను అందనివ్వకండి. పెంపుడు కుక్క ఉంటే మరీ జాగ్రత్త. ఉప్పు పిండి తిన్న కుక్కలకు ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: *మా బాబుకు గోధుమ పడదు. ముట్టుకున్న చేతిని నోట్లో పెట్టుకున్నా దద్దుర్లు వస్తాయి. బడిలో పిల్లలంతా పిండిముద్దలతో ఆడుతుంటే వాడు పక్కన కూర్చుంటున్నాడు. బియ్యప్పిండితో ప్రయత్నిస్తే విరిగిపోతోంది.*
*– ఒక తండ్రి, డల్లాస్*

జవాబు: బాబూ, మీ దేశంలో పేరున్న ప్లే-డో కూడా గోధుమ పిండితో చేసిందే. 1930లలో సిన్సినాటీలో గోడకాగితాల మీద పట్టిన బొగ్గు మసి తుడవడానికి ఆ ముద్దను తయారు చేశారు. బొగ్గు పొయ్యిలు తగ్గి గిరాకీ పడిపోయాక, ఒక నర్సరీ టీచరు దాన్ని పిల్లల చేతికి ఇచ్చి చూశారు. 1956 నాటికి అది ఆటవస్తువుగా అంగళ్లలోకి వచ్చింది. పొట్లం మీద గోధుమ ఉందని రాసి ఉంటుంది, చూడండి.

బియ్యప్పిండిలో సాగే గుణం లేదు, అందుకే విరుగుతోంది. కాబట్టి జిగురంతా వేడి నుంచే రాబట్టాలి. బియ్యప్పిండి అర కప్పు, మీ దగ్గర కార్న్‌స్టార్చ్ పేరుతో అమ్మేది అర కప్పు, ఉప్పు అర కప్పు, క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే పుల్లని వంటపొడి రెండు చిన్న చెంచాలు, నూనె ఒక చిన్న చెంచా, నీళ్లు ఒక కప్పు. పైన కాకినాడ అమ్మకు చెప్పినట్టే ఉడికించండి. పొడిగా అనిపిస్తే చేయి తడి చేసుకుని మర్దించండి, నీళ్లు ఒక్కసారిగా పోయకండి. పిండి పొట్లాల మీద గోధుమ కలిసే అవకాశం ఉందని రాసి ఉంటే అవి వద్దు.

ఇంకొక మాట. ఒక్క మీ బాబుకే కాదు, తరగతి మొత్తానికి సరిపడా చేసి, టీచరుతో మాట్లాడి పంపండి. పక్క బల్ల మీద గోధుమ ముద్ద ఉంటే వాడికి వేరే డబ్బా ఇచ్చి లాభం లేదు. అందరిదీ ఒకే ముద్ద అయితే వాడు అందరి మధ్యా కూర్చుంటాడు. వినాయక చవితికి మరిగే నీళ్లలో బియ్యప్పిండి పోసి ఉండ్రాళ్ల పిండి కలుపుతారు కదా, ఆ రోజు ఒక ముద్ద వాడి చేతిలో పెట్టండి. చేతులు కడిగించి ఎలుకో, చేపో చేయించి, ఆవిరి మీద ఉడికించి వాడికే పెట్టండి.

ప్రశ్న: *అంగన్‌వాడీలో పని చేస్తున్నాను. పిల్లలకు రంగులు కొనడానికి డబ్బు లేదు. ముగ్గుల్లో వేసే రంగులు నీళ్లలో కలిపి ఇవ్వవచ్చా?*
*– ఒక టీచరు, మహబూబ్‌నగర్ జిల్లా*

జవాబు: వద్దు తల్లీ. ఆ పొడుల్లో ఏమేమి కలిపారో పొట్లం మీద ఉండదు. వేళ్లు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు పేరు తెలియని రంగు ఇవ్వకూడదు. సింధూరం అసలు తేవద్దు, దానిలో సీసం ఉండే ప్రమాదం ఉంది.

మీ జిల్లాలో కాళ్ల కిందే రంగు ఉంది. ఎర్ర చల్కా నేల మట్టిని మించిన రంగు డబ్బాలో రాదు. రోడ్డుకు, మురుగుకు, పురుగుమందు కొట్టే చేలకు దూరంగా, ఒక అడుగు లోతున తవ్వి రెండు దోసిళ్ల మట్టి తెండి. బకెట్ నీళ్లలో వేసి కర్రతో బాగా తిప్పి, అరవై అంకెలు లెక్కపెట్టించండి. లెక్క కూడా వస్తుంది, ఇసుక కూడా అడుగుకు చేరుతుంది. పైనున్న ఎర్రని నీళ్లను మాత్రం ఇంకో గిన్నెలోకి వంపుకోండి. తెల్లారేసరికి నీళ్లు తేరుకుని, అడుగున మీగడ మందాన ఎర్రటి మెత్తని పొర మిగులుతుంది. పైనీళ్లు పారబోసి, ఆ పొరను పెనం మీద పూర్తిగా పొడి అయ్యేదాకా వేయించండి. మట్టిలో పురుగుల గుడ్లు ఉంటాయి కాబట్టి ఈ పని మానకూడదు. చల్లారాక మెత్తగా నూరితే అది మీ ఎరుపు. కట్టెబొగ్గు నూరి పల్చని బట్టలో జల్లిస్తే నలుపు. ఈ రెండూ ఏళ్లు గడిచినా వెలవవు. బీట్‌రూట్, పాలకూర రసాలు కూడా పిల్లలకు ఇష్టమే, ఇవ్వండి. కానీ నాలుగు రోజులకే గోధుమరంగుకు తిరుగుతాయి. గోడకు కట్టే బొమ్మలకు వాటిని నమ్ముకోవద్దు.

ఇక జిగురు. రంగుపొడిని నీళ్లలో కలిపి పూస్తే ఆరాక రాలిపోతుంది. వేళ్లతో పూసే రంగుకు అన్నం వార్చిన గంజి చాలు. దాన్ని కాస్త చిక్కబడేదాకా మరిగించి, చిటికెడు ఉప్పు వేసి, చల్లార్చి రంగు కలపండి. ఏ రోజుది ఆ రోజే వాడాలి. కుంచెతో వేసే రంగుకు నల్లతుమ్మ బంక మేలు. ఒక వంతు బంకకు రెండు వంతుల నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి వడకట్టండి. దుకాణాల్లో గమ్ అరబిక్ పేరుతో దొరికే నీటిరంగుల జిగురు తుమ్మజాతి చెట్ల నుంచి తీసిందే.

పసుపు గురించి ప్రత్యేకంగా రాయాలనుంది. దాని రంగు ఎండకు వెలుస్తుంది, అయినా మీ పిల్లలకు ఇది తప్పకుండా చూపించండి. పసుపు నీళ్లలో కలిపి తెల్ల కాగితాల మీద పూసి ఆరనివ్వండి. వేరే గిన్నెలో నీళ్లకు రెండు చెంచాల వంటసోడా కలిపి కుంచెలు ఇవ్వండి. పిల్లలు ఆ తెల్లని నీళ్లతో కాగితం మీద గీస్తే గీత ఎర్రగా లేస్తుంది. నేను క్రాఫ్టు చెప్పిన బడిలో ఒకటో తరగతి పిల్లలు దీన్ని మొదటిసారి చూసినప్పుడు గది మొత్తం నిశ్శబ్దమైపోయేది, తర్వాత ఇల్లు ఎగిరిపోయే కేకలు. గీత మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపు రంగే. పెళ్లికూతురి పాదాల పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు, అన్నీ ఈ గుణం మీద ఆధారపడినవే. అక్కడ సోడా బదులు సున్నం ఉంటుంది. సున్నం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది, పిల్లలకు ఇవ్వకండి. శంఖుపుష్పాలు వేడినీళ్లలో నానబెట్టిన నీలం రసంతో కూడా ఇలాగే ఆడుకోవచ్చు. నిమ్మరసం పడితే ఊదా, సోడా పడితే పచ్చదనం.

పసుపును విడి పొడిగా కొనకండి. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే మోసగాళ్లు ఉన్నారు. కొమ్ములు తెచ్చి ఆడించుకోవడం మంచిది. ఆ కొమ్ములు కూడా మరీ నిగనిగలాడుతుంటే వదిలేయండి.

ప్రశ్న: *మా వారు పుస్తకాలు బైండింగ్ చేసేవారు. మైదా జిగురు పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసేవారు. మనవల ఆట ముద్దలోనూ కాస్త వేస్తే చెడకుండా ఉంటుంది కదా?*
*– ఒక అమ్మమ్మ, తెనాలి*

జవాబు: అక్కగారూ, దయచేసి వేయకండి. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్, విషం. బైండింగ్ పుస్తకాన్ని ఎవరూ నోట్లో పెట్టుకోరు గనుక అక్కడ సరిపోయింది. ముద్ద చెడకుండా ఉండాలంటే ఉప్పు, నిమ్మరసం, బిగుతు మూత. అంతకుమించి దాచాలని చూడవద్దు. కొత్తది చేయడానికి పట్టేది పావుగంటే. సాగే బంక చేయడానికి వెలిగారం, అంటే బోరాక్స్, వేయమని చెప్పేవారికీ నా జవాబు ఇదే.

ప్రశ్న: *కొండపల్లి బొమ్మల ముక్కలు అతికించే మక్కు ఇంట్లో చేసుకోవచ్చా? మా పదేళ్ల అమ్మాయి ముఖాల బొమ్మలు చేస్తానంటోంది.*
*– ఒక తల్లి, హైదరాబాద్*

జవాబు: ఎంత మంచి కోరికమ్మా! కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేసిన తల, చేతులు, కాళ్లు ఒంటికి అతికేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. మీకు దగ్గరలోని చేర్యాలలో ముఖాల బొమ్మలకు వాడేవీ ఆ రెండే. ఈ రెండు ఊళ్ల పనివాళ్లు నమ్ముకున్న జిగురును మనం మరచిపోయి గమ్ సీసాలు కొంటున్నాం.

చింతగింజలను మూకుడులో పైపొట్టు చిట్లేదాకా వేయించి, దంచి, పొట్టు తీసేయండి. పప్పును రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లు కలిపి సన్నని సెగ మీద తిప్పుతూ ఉడికించండి. గరిటెకు అంటుకుని తీగలా సాగితే జిగురు సిద్ధం. చల్లారాక జల్లించిన రంపపు పొట్టు కొద్దికొద్దిగా కలుపుతూ చేతికి అంటనంత గట్టిగా మర్దించండి. పొట్టు మామూలు కర్ర కోసిన చోటిదై ఉండాలి. ప్లైవుడ్ కోసిన పొట్టులో రసాయనపు జిగురు ఉంటుంది, అది వద్దు. జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

అచ్చుకు కొబ్బరి చిప్ప బోర్లించి, నూనె రాసి, పైన మక్కును పల్చగా పరచమనండి. ముందు ఒక పొర వేసి నీడలో ఆరనిచ్చి, తర్వాత ముక్కు, కనుబొమలు, పెదవులు పెట్టాలి. పగులు వస్తే తడి మక్కుతో పూడ్చవచ్చు. పూర్తిగా ఆరాక చిప్ప నుంచి విడదీసి, సుద్దపొడిలో కాస్త చింతగింజల జిగురు కలిపి తెల్లపూత వేయండి. మహబూబ్‌నగర్ టీచరుకు చెప్పిన ఎర్రమట్టి, బొగ్గు రంగులు ఈ తెలుపు మీద బాగా పడతాయి.

ఇంట్లో చంటిపిల్లలు ఉంటే మిగిలిన చింతగింజలను వెంటనే ఎత్తి పెట్టండి, ముక్కుల్లో, చెవుల్లో పెట్టేసుకుంటారు. ఉడికిన జిగురు బయట ఉంటే మర్నాటికే పులుస్తుంది. ఆ పూటకు సరిపడా మాత్రమే ఉడికించుకోండి.