బడిని ఏం అడగాలి, ఎలా అడగాలి? ప్రత్యేక అవసరాల పిల్లల గురించి పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: "బళ్లో చెప్పాం, చూస్తామన్నారు, అంతే." నోటిమాటగా అడిగింది ఏ ఫైల్లోకీ ఎక్కదు. టీచరు మారితే అక్కడితో పోతుంది. అందుకే ఈ జవాబుల్లో కాగితాల గొడవ కాస్త ఎక్కువే ఉంటుంది.

ప్ర: మా బాబుకు తొమ్మిదేళ్లు. ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బళ్లో నాలుగో తరగతి. నోటితో అడిగితే టకటకా చెప్తాడు, రాయమంటే సగం పదాలు మింగేస్తాడు. "ట్యూషన్ పెట్టించండి, లేదంటే వచ్చే ఏడు టీసీ తీసుకోండి" అంటున్నారు. ఇది డిస్లెక్సియానా? బడిని ఏమైనా అడగొచ్చా? (ఒక తల్లి, తెనాలి)

జ: ముందు టీసీ సంగతి. విద్యాహక్కు చట్టం (2009) 16వ సెక్షన్ ప్రకారం, చేర్చుకున్న పిల్లవాణ్ణి ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బడి నుంచి తీసెయ్యడానికి వీల్లేదు. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పితే అదే తరగతిలో ఉంచే వెసులుబాటు వచ్చింది గానీ, తీసెయ్యకూడదన్న మాట మారలేదు. కాబట్టి మీరై మీరు టీసీకి దరఖాస్తు పెట్టకండి. పిల్లల్ని పంపించేసే బళ్లు సాధారణంగా ఆ పని తల్లిదండ్రుల సంతకంతోనే చేయించుకుంటాయి.

ఇక డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే అభ్యసన వైకల్యం) అవునో కాదో ఉత్తరం చూసి చెప్పేది కాదు. మొదట కంటి పరీక్ష, తర్వాత చెవి పరీక్ష చేయించండి. బోర్డు మీది అక్షరం ఆనకపోయినా, ఒక చెవి సరిగా వినపడకపోయినా పిల్లలు ఇలాగే రాస్తారు. ఆ రెండూ బాగుంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఐక్యూ పరీక్షతోపాటు చదవడం, రాయడం, లెక్కలు విడివిడిగా చూస్తారు. తెలుగులోనూ చదివించి చూడమని మీరే అడగండి. ఇది చాలామంది వదిలేసే విషయం. తెలుగు సాఫీగా చదువుతూ ఇంగ్లిష్ ఒక్కటే తడబడుతుంటే లోపం పిల్లవాడిలో కాక చెప్పిన తీరులో ఉండొచ్చు. రెండింట్లోనూ తడబడితే, అంటే గుణింతాలు కలిసిపోయి, ఒత్తులు ఎగిరిపోయి "రాష్ట్రం" కాస్తా "రాటం" అయిపోతుంటే, అనుమానం బలపడుతుంది.

సైకాలజిస్టు రిపోర్టు వేరు, ప్రభుత్వ సర్టిఫికెట్ వేరు. తరగతిలో సాయం అడగడానికి రిపోర్టు చాలు. బోర్డు పరీక్షల్లో రాయితీలకు సర్టిఫికెట్ కావాలి. దానికి యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్లో దరఖాస్తు చేసి, వాళ్లు చెప్పిన ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. అభ్యసన వైకల్యానికి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. పద్నాలుగేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్ష చేయించాలి. పద్నాలుగంటే సరిగ్గా తొమ్మిదో తరగతి. పాత సర్టిఫికెట్ చెల్లదని పదో తరగతి ఫీజు కట్టేటప్పుడు తెలుసుకుని పరుగులు పెట్టే కుటుంబాలు ఎన్నో.

ఉత్తరం ప్రిన్సిపాల్ పేర రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. "మా బాబును బాగా చూసుకోగలరు" అని రాస్తే దానికి ఎవరూ జవాబు చెప్పాల్సిన పని లేదు. ఇలా రాయండి:

"రిపోర్టు జత చేశాను. 1. బోర్డు మీది పాఠం రాసుకోవడం బదులు నోట్సు జిరాక్సు ఇవ్వాలి. 2. సైన్సు, సోషల్ పేపర్లలో స్పెల్లింగు తప్పుకు మార్కు కొయ్యకూడదు. 3. పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇచ్చి, అవసరమైతే ప్రశ్న చదివి వినిపించాలి. 4. ముందు చెప్పకుండా తరగతిలో లేపి పైకి చదివించకూడదు. 5. వీటిని చూసుకునే ఒక టీచరు పేరు చెప్పాలి. ఆరు వారాల తర్వాత కలుస్తాం."

ఐదుకు మించి అడగొద్దు. పదిహేను అడిగితే ఒక్కటీ జరగదు. "అందరికీ ఒకే రూలు" అని బడివాళ్లు అంటారు. వికలాంగుల హక్కుల చట్టం (2016) 16, 17 సెక్షన్లు చూపించండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికి కూడా 16వ సెక్షన్ వర్తిస్తుంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు 17వ సెక్షన్లో పేరుపెట్టి ఉన్నాయి. అప్పటికీ కదలకపోతే ఎంఈవోకు (మండల విద్యాధికారికి), ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చెయ్యండి. సంతకం పడిన ఆ రెండో ప్రతే అప్పుడు మీ ఆధారం.

ప్ర: మా పాపకు ఏడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. నడవలేదు, మాట స్పష్టంగానే వస్తుంది. ఊళ్లో ప్రభుత్వ బడి హెచ్ఎం గారు "ఎవరైనా పక్కన కూర్చుంటేనే పంపండి, లేకపోతే ఇంటి దగ్గరే చదువు పెట్టిస్తాం" అంటున్నారు. కూలి మానుకుని రోజూ కూర్చోలేను. (ఒక తండ్రి, మహబూబాబాద్ జిల్లా)

జ: ఇంటి దగ్గర చదువు అనేది బడికి రాలేనంత తీవ్రమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం. మాట్లాడగలిగి, ఆసరాతో కూర్చోగలిగే పాపకు దాన్ని ఒప్పుకోకండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, వాళ్లు కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత చదువు హక్కని 2016 చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. తండ్రి పక్కన కూర్చుంటేనే అన్న షరతు అందులో లేదు.

ఎంఈవో ఆఫీసుకు వెళ్లి మీ మండలం ఐఈఆర్‌పీ (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్) ఎవరని అడగండి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద పనిచేసే టీచర్లు వీళ్లు. ఈ పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం వీళ్ల చేతిలోనే ఉంటుంది, ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో వీళ్లకే తెలుస్తుంది. తర్వాత హెచ్ఎం గారిని ఒక్క ప్రశ్న అడగండి: "యూడైస్ ప్లస్‌లో మా పాప పేరు దగ్గర ప్రత్యేక అవసరాల గడి నింపారా?" యూడైస్ ప్లస్ అంటే బడుల, పిల్లల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్. ఆ గడి ఖాళీగా ఉంటే లెక్కల్లో మీ పాప మామూలు విద్యార్థిని కిందే జమ. ప్రయాణ భత్యం, తోడు వచ్చేవారి భత్యం, ప్రత్యేక అవసరాల ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు ఇచ్చే స్టైపెండ్, వీటిలో ఏ జాబితాలోనూ పేరు రాదు. ఎంట్రీ చేశాక తెరను మీ కళ్లతో చూసి రండి.

వీల్‌ఛెయిర్, ప్రత్యేక కుర్చీలకు అలిమ్‌కో (సహాయ పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లతో క్యాంపులు పెడతారు. సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఫొటోలు తీసుకెళ్లండి. క్యాంపు రోజు కొలతలు తీసుకుంటారు, వస్తువు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా పిల్ల ఎదుగుతుంది కాబట్టి ఇచ్చే రోజున పాపను తప్పక కూర్చోబెట్టి చూడండి. తుంటి వెనక్కి ఆనాలి, పాదాలు గాల్లో వేలాడకూడదు, మోచేతులు బల్ల మీద ఆనాలి. పాదాలకు ఆనిక లేకపోతే ఒంటి బరువు నిలబెట్టుకోవడానికే పిల్ల శక్తంతా పోతుంది, పెన్సిల్ నిలవదు. కుర్చీ వచ్చేదాకా కాళ్ల కింద చెక్క పీట వేసినా మేలే.

ర్యాంపు కడతామంటే వాలు ఒకటికి పన్నెండు ఉండాలని చెప్పండి. వరండా అడుగున్నర ఎత్తుంటే ర్యాంపు 18 అడుగుల పొడవు రావాలి. ఆరడుగుల్లో నిటారుగా కట్టి ఫొటో తీసుకున్న ర్యాంపు మీద వీల్‌ఛెయిర్ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు జారుతుంది. పక్కన కూర్చునే మనిషి అసలు దేనికని హెచ్ఎం గారిని నిలదీసి అడగండి. చాలాసార్లు అది మరుగుదొడ్డికి తీసుకెళ్లడం కోసమే. కమోడ్, పట్టుకునే కడ్డీ, రోజులో రెండు వేళలకు ఆయా సాయం ఖాయమైతే ఆ షరతు దానంతటదే సడలుతుంది.

ప్ర: ఆటిజం ఉన్న మా అబ్బాయికి షాడో టీచర్‌ను (క్లాసులో వాడి పక్కనే ఉండి సాయపడే మనిషిని) పెట్టుకుంటేనే సీటని హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు బడి అంటోంది. జీతం మేమే ఇవ్వాలట.

జ: షాడో టీచరు ఉంటేనే సీటనడం, వైకల్యం చూపి వివక్ష లేకుండా చేర్చుకోవాలన్న వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌కు విరుద్ధం. ఆ షరతును రాసిమ్మని అడగండి. చాలా బళ్లు రాసివ్వవు, మాట కూడా అక్కడే మెత్తబడుతుంది. ఒకవేళ మీకే మనిషి అవసరం అనిపిస్తే, ఆమె ఏ పనికి, ఎన్నాళ్లకు, ఎలా తప్పుకుంటుందో ముందే రాసుకోండి. రోజంతా పక్కనే ఉంటే క్లాసు టీచరు పిల్లవాడితో మాట్లాడడం మానేస్తుంది. వాడి చేయి పట్టి రాయించే షాడో కన్నా, రెండు బెంచీల వెనక కూర్చుని అవసరమైనప్పుడే కదిలే షాడో నయం.

ప్ర: మేం టెక్సాస్, ఫ్రిస్కోలో ఉంటాం, హెచ్1బీ. ఆరేళ్ల బాబుకు డాక్టర్ ఆటిజం అన్నారు. బడిలో "ఇంకొన్నాళ్లు చూద్దాం" అంటున్నారు. గట్టిగా అడిగితే వీసాకు ఇబ్బందా?

జ: వీసాకు, దీనికి సంబంధం లేదు. పబ్లిక్ బడిలో ప్రత్యేక విద్య ఉచితం, తల్లిదండ్రుల వీసాతో పనిలేదు. ప్రిన్సిపాల్‌కు, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కు కలిపి ఈమెయిల్ పెట్టండి. అందులో "ఫుల్ అండ్ ఇండివిడ్యువల్ ఇనిషియల్ ఎవాల్యుయేషన్" అన్న మాట తప్పక ఉండాలి. రాసి అడిగాక టెక్సాస్‌లో డిస్ట్రిక్ట్ 15 బడిరోజుల్లో పరీక్షకు ఒప్పుకోవాలి, లేదా ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పాలి. మీ సమ్మతి సంతకం నుంచి 45 బడిరోజుల్లో రిపోర్టు రావాలి, ఆపైన 30 రోజుల్లో ఏఆర్‌డీ మీటింగ్ (ప్రత్యేక విద్య ఇవ్వాలా, ఎలా అని మీతో కలిసి తేల్చే సమావేశం). "ముందు ఆర్‌టీఐ (క్లాసులోనే అదనపు సాయం ఇచ్చి ఫలితం చూసే పద్ధతి) చేసి చూస్తాం" అని పరీక్షను ఆపకూడదని అమెరికా కేంద్ర విద్యాశాఖ 2011లోనే స్పష్టం చేసింది.

డాక్టర్ చెప్పినంత మాత్రాన ఐఈపీ (పిల్లవాడి కోసం విడిగా రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక) రాదు. ఆటిజం వల్ల బడిలో ఏం ఆగిపోతోందో చూపాలి. ఫైర్ డ్రిల్ మోతకు బల్ల కింద దూరడం, లంచ్‌లో డబ్బా తెరవమని అడగలేకపోవడం లాంటివి తేదీలతో రాసి పెట్టుకోండి. ఇంట్లో తెలుగే మాట్లాడితే భాషా పరీక్ష తెలుగును కూడా లెక్కలోకి తీసుకోవాలి, మీటింగుకు అనువాదకుణ్ణి అడగొచ్చు. ఒప్పుకోలేకపోతే అక్కడే సంతకం పెట్టొద్దు. పది బడిరోజుల్లోపు మళ్లీ కూర్చునే వీలు అడగండి.

ప్ర: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, డిస్‌గ్రాఫియా (చేత్తో రాయడంలో వచ్చే అభ్యసన వైకల్యం). పదో తరగతి పరీక్షకు ఇప్పుడే ఏం చెయ్యాలి? (విశాఖపట్నం)

జ: సీబీఎస్ఈ అయితే తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లోనే ప్రత్యేక అవసరాల గడి నింపించండి. మూడు గంటల పేపరుకు గంట అదనం, రాసిపెట్టే మనిషి, ఒకే భాష చదివే వెసులుబాటు ఉన్నాయి. రాష్ట్ర బోర్డు అయితే రాయితీల దరఖాస్తు హెచ్ఎం ద్వారా నామినల్ రోల్స్‌తోపాటే (పరీక్ష రాసే పిల్లల జాబితాతోపాటే) వెళ్లాలి. హాల్ టికెట్ వచ్చాక అడిగితే ఎవరి చేతిలోనూ ఉండదు.

రాసిపెట్టే మనిషి దొరకడంతో పని అయిపోదు, చెప్పి రాయించడం పిల్లకు కొత్త విద్య. ఇప్పటి నుంచే వారానికొక పాత పేపరు, అమ్మానాన్నలతో కాక పొరుగు పిల్లతో చేయించండి. "కామా", "కొత్త పేరా" అని పైకి చెప్పడం అలవాటవ్వాలి. లెక్కల్లో "ఎక్స్ ప్లస్ టూ, మొత్తం బ్రాకెట్లో, స్క్వేర్" అని పొల్లుపోకుండా చెప్పలేకపోతే రాసేవాళ్లు టూకి మాత్రమే స్క్వేర్ వేస్తారు. ప్రతి స్టెప్పూ రాయగానే ఆమె తిరిగి చూసుకోవాలి. అదనపు గంట అసలు ఖర్చయ్యేది అక్కడే.