ప్రతి శనివారం బిట్లు పెడితే పిల్లలకు పాఠం వచ్చిందో లేదో తెలుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: డీఎస్సీలో కొత్తగా ఉద్యోగమొచ్చి దర్శి వైపు హైస్కూల్లో చేరారు. ప్రతి శనివారం అన్ని సబ్జెక్టుల్లో ఇరవై బిట్లు, అంటే నాలుగు ఆప్షన్లలో ఒకదానికి టిక్కు పెట్టే ప్రశ్నలు, పెట్టమని హెడ్మాస్టరు గారన్నారు. గైడులోంచి తీసి పెడితే సరిపోతుందా, దాంతో పిల్లలకు ఏం వచ్చిందో తెలుస్తుందా?

గైడు బిట్లతో తెలియదండీ. మీరు కూర్చుని రాసుకున్న వాటితో కొంత తెలుస్తుంది, అదీ అన్ని సబ్జెక్టుల్లో ఒకేలా కాదు. నేను కావలి దగ్గర జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కలు చెప్తాను. సైన్సు, సోషల్ వాళ్లతో కలిసి బిట్లు తయారుచేస్తుంటాను కాబట్టి ఆ సంగతులూ కాస్త తెలుసు.

ఏడో తరగతికి 1/2 + 1/3 ఎంత అని అడిగామనుకోండి. గైడు బాపతు ఆప్షన్లు 5/6, 7/9, 11/4, 3/8 లాగా ఉంటాయి. పిల్లవాడు చేసే తప్పు అందులో ఉండదు. తనకొచ్చిన జవాబు కనబడకపోయేసరికి ఏదో ఒకదానికి టిక్కు పెడతాడు. మాకొచ్చేది ఒక మార్కో సున్నానో, అంతే. అదే ప్రశ్నకు 5/6, 2/5, 1/6, 2/6 అని ఇచ్చి చూడండి. 2/5 పెట్టినవాడు పైవి పైవాటికి, కిందవి కిందవాటికి కూడేశాడు. 1/6 పెట్టినవాడు కూడమంటే గుణించాడు. 2/6 పెట్టిన పిల్లకు క.సా.గు. దాకా వచ్చింది, లవాలు మార్చడం మర్చిపోయింది. ముగ్గురికీ పోయింది ఒక్క మార్కే అయినా మళ్లీ చెప్పాల్సింది మాత్రం మూడు వేర్వేరు సంగతులు. బిట్టులో పనికొచ్చే భాగమంతా ఆ మూడు తప్పు ఆప్షన్లలోనే ఉంది.

వాటిని మీరు ఊహించి రాయక్కర్లేదు. పాఠం నడుస్తుండగానే ఆప్షన్లు లేకుండా అదే ప్రశ్న ఇచ్చి చిన్న స్లిప్పుల మీద రాయించండి. ఎక్కువమంది చేసిన తప్పులేవో ఒక నోటుబుక్కులో ఎక్కించుకోండి. వచ్చే బిట్టుకు అవే ఆప్షన్లు.

మార్కులు చూసేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. నాలుగేసి ఆప్షన్లతో ఇరవై బిట్లు, మైనస్ మార్కులు లేవు. ఇంకీ పింకీ పాంకీ అనుకుంటూ పెట్టినా సగటున ఐదు వస్తాయి. కాబట్టి ఆరొచ్చినవాడికి ముప్పై శాతం పాఠం వచ్చిందనుకోకూడదు. ఇంతకంటే నాకు ముఖ్యంగా తోచేది ఇంకోటి: ఒక బిట్టుకు క్లాసులో నాలుగో వంతు కూడా సరిగ్గా పెట్టలేదంటే పిల్లలు గుడ్డిగా పెట్టలేదన్నమాట. అందరూ కలిసి ఒక తప్పును గట్టిగా నమ్ముతున్నారు.

మా సోషల్ సార్ పెట్టిన బిట్టు ఒకటి అట్లాంటిదే. నెల్లూరు జిల్లాలో ఎక్కువ వాన దేనివల్ల పడుతుంది? క్లాసంతా నైరుతి రుతుపవనాలకే టిక్కు. దేశానికి ఎక్కువ వాన నైరుతి వల్లనేనని పుస్తకంలో ఉంది, అది నిజమే. మనకు మాత్రం ఈశాన్య రుతుపవనాలే దిక్కు. వాన సెలవులు ఏ నెలల్లో ఇస్తారని అడిగితే అదే పిల్లలు "అక్టోబరు, నవంబరు సార్" అని ఠక్కున చెప్పారు. వెనక బెంచీలోంచి ఒక పాప "అయితే పుస్తకం తప్పా సార్?" అంది. ఆ పీరియడంతా దాని మీదే గడిచింది. బిట్టు అంటే అదీ.

సైన్సులోనూ అంతే. కిరణజన్య సంయోగక్రియ సమీకరణం అప్పజెప్పినవాళ్లే, ఎండిన చెట్టు కర్ర బరువులో ఎక్కువ భాగం ఎక్కడి నుంచి వచ్చిందంటే మట్టికి టిక్కు పెడతారు. జవాబు గాలిలోని కార్బన్ డయాక్సైడ్. వరి పండించే ఇళ్ల పిల్లలు ఒప్పుకోరు, "ఎరువెయ్యకపోతే ఎదగదు గదా సార్" అంటారు. అప్పుడు జవాబు చెప్పెయ్యకండి. పక్కవాళ్లతో వాదించుకోమని రెండు నిమిషాలిచ్చి మళ్లీ చేతులెత్తించండి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మన క్లాసులో కాస్త గోల ఎక్కువవుతుంది, పక్క క్లాసు టీచరుకు ముందే చెప్పుకోండి.

తెలుగుకు వస్తే బిట్లు త్వరగా చేతులెత్తేస్తాయి. తిక్కన భారతంలో ఎన్ని పర్వాలు రాశాడంటే 15 అని పెడతారు, ఒక్క పద్యం విడదీసి చదవలేరు. సంధి పేరు అడగడం కంటే మహోన్నతం ఎలా విడిపోతుందని అడగడం నయం: మహా + ఉన్నతం, మహో + ఉన్నతం, మహ + ఓన్నతం అని ఇస్తే తికమక ఎక్కడుందో బయటపడుతుంది. లేఖ రాయడం వచ్చో రాదో తెలియాలంటే మాత్రం లేఖే రాయించాలి. ఇంగ్లీషు, హిందీలకూ ఇదే మాట.

వాట్సాప్‌లో తిరిగే పాత బిట్ల పీడీఎఫ్‌లతో జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ పీడీఎఫ్‌ల చివర ఇచ్చే జవాబుల కీలలో శ్రీహరికోట ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంది! సరైన జవాబు తెలిసిన పిల్లకే మార్కు పోతుంది.

కాపీ సంగతి మీకు తెలియంది కాదు. ఒక వేలు చూపితే ఎ, రెండు చూపితే బి. ఆప్షన్ల వరస మార్చి రెండు సెట్లు చేయండి. "పైవన్నీ" అసలు పెట్టకండి, పెట్టినచోటల్లా అదే జవాబని పిల్లలు ఎప్పుడో కనిపెట్టేశారు.

హెడ్మాస్టరు గారి ఇరవైని కాదనక్కర్లేదు. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది, రెండు భాగాల్లో 90 చొప్పున బిట్లు. అది వస్తే ఏడాదికి 12,000 రూపాయలు, మన పిల్లల ఇళ్లలో చిన్న మొత్తమేం కాదు. పది అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120 బిట్లు. గడియారం చూసుకుంటూ టిక్కు పెట్టే అలవాటు కావాల్సిందే, దానికి గైడు బిట్లు చాలు. పన్నెండు అవి పెట్టి, ఎనిమిది మీ నోటుబుక్కులోంచి పెట్టండి. ఆ ఎనిమిదిలో రెండింటి కింద గీత గీసి, ఎందుకు పెట్టావో ఒక వాక్యం రాయమనండి. మీరు చదవాల్సింది ఆ రెండు వాక్యాలే, మిగతావి పిల్లలు పేపర్లు మార్చుకుని దిద్దుకుంటారు.

మీ సబ్జెక్టేమిటో రాయలేదు. లెక్కలైతే భిన్నాలకు, రుణ సంఖ్యలకు నేను పోగేసుకున్న తప్పు ఆప్షన్లు ఉన్నాయి. అడిగితే కింద పెడతాను.