కొత్త కారు క్లచ్‌కు వారంటీ వర్తిస్తుందా?
కారు కొని ఏడాది కాకముందే క్లచ్ పాడైతే, అది వారంటీ కిందికి రాదని సర్వీస్ సెంటర్ అనడం సరైనదేనా అన్నది ప్రశ్న. వారంటీ తయారీలోనో, వాడిన పదార్థంలోనో ఉన్న లోపానికి వర్తిస్తుంది. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు వాడకంలో అరిగిపోయేవి కాబట్టి వాటిని సాధారణంగా మినహాయిస్తారు.

అయితే అరుగుదల వేరు, లోపం వేరు. ప్లేటు మీది రాపిడి పొర పూర్తిగా పలచబడి, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటుపై వేడికి నీలిరంగు మచ్చలు తేలి ఉంటే, క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపారన్న వాదనకు బలం ఉంటుంది. పొర మందంగానే ఉండి ప్లేటులో కుదుపులను తగ్గించే డ్యాంపర్ స్ప్రింగు విరిగినా, ఇంజిన్ వెనుక ఆయిల్ సీలు కారి ప్లేటు తడిసినా, దాన్ని నడిపినవారి మీదికి నెట్టడం కుదరదు. అందువల్ల విప్పిన భాగాన్ని ఎదుటే చూపించమని అడిగి, ఫొటోలు తీసుకుని, తిరస్కరణకు కారణాన్ని జాబ్ కార్డుపై (సర్వీస్ సెంటర్ పని వివరాలు రాసే కాగితం) రాసి ఇవ్వమనండి. నోటిమాటగా కుదరదన్నవారు రాసివ్వమనేసరికి కాస్త వెనక్కి తగ్గడం మామూలే. అక్కడ తేలకపోతే ఆ కాగితం జతచేసి నేరుగా తయారీ సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.