పేరుకే టీమ్ లీడర్‌ని, నా మాట ఎవరూ వినడం లేదు

ప్రశ్న: ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. మా ప్రాజెక్ట్ టీమ్‌లో ఐదుగురం. మార్కులు ఎక్కువని గైడ్ నన్ను లీడర్‌గా పెట్టారు. వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెడితే అందరూ చూస్తారు, ఒక్కరూ బదులివ్వరు. రివ్యూ ముందు రోజు రాత్రంతా కూర్చుని అందరి పనీ నేనే చేస్తున్నాను. గట్టిగా అడిగితే 'నువ్వేమైనా బాస్‌వా' అంటున్నారు. నేను సహజంగానే తక్కువ మాట్లాడతాను. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల్లో లీడర్‌షిప్ గురించి అడుగుతారని టెన్షన్‌గా ఉంది. నాలాంటివాళ్లకు ఆ లక్షణాలు రావా?
- ఒక విద్యార్థిని

జవాబు: ఆ మాటకు మీ మనసు చివుక్కుమని ఉంటుంది. కానీ అన్నవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. మీరు బాస్ కాదు. వాళ్లకు మార్కులు వేసేది మీరు కాదు, టీమ్‌లోంచి తీసేసే అధికారం కూడా మీకు లేదు. లేని అధికారంతో పని చేయించాలని చూస్తున్నారు, చిక్కంతా అక్కడే ఉంది.

ఒకరి మాట మరొకరు ఎందుకు వింటారన్నదానికి జాన్ ఫ్రెంచ్, బెర్‌ట్రమ్ రావెన్ అనే ఇద్దరు సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు 1959లో ఐదు కారణాలు చెప్పారు. వినకపోతే నష్టం చేస్తాడన్న భయం, వింటే ఏదో ఒకటి దక్కుతుందన్న ఆశ, అతను కూర్చున్న కుర్చీ, అతనికి పని తెలుసన్న నమ్మకం, ఆ మనిషంటే గౌరవం. మొదటి మూడూ ఎక్కువగా పదవితో వస్తాయి, దాంతోపాటే పోతాయి. మీ దగ్గర అవి లేనట్టే. నాలుగోది కొంత ఉంది, కాకపోతే మార్కుల జాబితా చూసి మీకు పని వచ్చని ఏ టీమూ ఒప్పుకోదు, చేసి చూపించాల్సిందే. ఇక ఐదోదాన్ని కూడగట్టుకోవడానికి గొంతు పెద్దదిగా ఉండాల్సిన అవసరం లేదు.

ముందు ఆ మెసేజ్‌ల సంగతి చూద్దాం. ఇదే బాధతో నా దగ్గరికొచ్చే పిల్లలను ఫోన్ తీసి గ్రూప్ చూపించమంటాను. చాలాసార్లు ఇలాంటిదే కనిపిస్తుంది: 'గైస్, రివ్యూ దగ్గరపడింది, అందరూ త్వరగా మీ పార్ట్ పూర్తి చేయండి ప్లీజ్.' అందరూ అంటే ఎవరు? త్వరగా అంటే ఎప్పటికి? చదివిన ప్రతివాడూ ఇది పక్కవాడికని అనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు. దీనికి బదులు ఒకరికే విడిగా ఇలా రాసి చూడండి: 'డేటా క్లీన్ చేయడం నేను మొదలుపెట్టాను, బుధవారం సాయంత్రానికి ఫోల్డర్‌లో ఉంటుంది. రెండో చాప్టర్ నువ్వు శుక్రవారానికి ఇవ్వగలవా? ఎక్కడైనా ఆగిపోతే గురువారమే చెప్పు, కలిసి చూద్దాం.' రాశాక బుధవారం సాయంత్రం ఆ ఫైల్ ఫోల్డర్‌లో ఉండాలి. గురువారం పొద్దున కాదు. ఇలా మూడు నాలుగుసార్లు జరిగితే ఆమె చెప్పిందంటే జరుగుతుందని వాళ్లకు అర్థమవుతుంది. నన్నడిగితే మిగతా లక్షణాలన్నీ దీని తర్వాతే.

రాత్రంతా మేలుకుని అందరి పనీ చేయడం మీకు త్యాగంలా అనిపిస్తోంది. వాళ్లకు అలా కనిపించదు. మనం చేయకపోయినా ఆమె చేసేస్తుందిలే అని ఒకరు అనుకుంటారు. నేను ఇచ్చింది ఆమెకు ఎలాగూ నచ్చదని ఇంకొకరు అనుకుంటారు. ఎవరైనా ఇచ్చిన పనిని వాళ్లకు చెప్పకుండా మీరు మార్చేసిన సందర్భం ఉందేమో గుర్తుచేసుకోండి. ఉంటే, ఆ మనిషి అప్పటినుంచే తగ్గి ఉంటాడు.

నా సంగతి ఒకటి చెబుతాను. మొదటి ఉద్యోగంలో ఇద్దరు సహోద్యోగులను ఇచ్చి ఒక శిక్షణ కార్యక్రమాన్ని నాకు అప్పజెప్పారు. హాజరయ్యేవాళ్ల జాబితా తప్పుగా వెళ్లింది. పై అధికారి అడగ్గానే 'అది అతను తయారుచేశాడండీ' అనేశాను. చేసింది అతనే, నిజమే. కానీ పంపేముందు చూసుకోవాల్సింది నేను. అతను పక్కనే నిలబడి ఉన్నాడు, ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఏ సమస్యా నా దాకా రావడం మానేసింది. కార్యక్రమం రోజు పొద్దున్నే వెళ్తే హాలుకు తాళం. బుకింగ్ రద్దయిన సంగతి వాళ్లిద్దరికీ రెండు రోజుల ముందే తెలుసు.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో హాస్పిటల్ టీమ్‌లను పరిశీలించినప్పుడు ఒక వింత బయటపడింది. బాగా పనిచేస్తున్న టీమ్‌లలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, దాచుకోకుండా చెప్పుకుంటున్నారని ఆమె అర్థం చేసుకుంది. అందుకే ఈసారి రివ్యూలో ఏదైనా తప్పు దొరికితే గైడ్ ముందు 'మేం చూసుకోలేదు సార్' అనండి, ఎవరి తప్పో తర్వాత లోపల మాట్లాడుకోవచ్చు. మెచ్చుకున్నప్పుడు మాత్రం పేరు పెట్టి చెప్పండి: 'ఈ గ్రాఫ్ ఐడియా తనది సార్.'

ఇంకొకటి, అందరి పనీ నెత్తిన వేసుకోవడం వేరు, అందరూ తప్పించుకునే వంతు తీసుకోవడం వేరు. 1915లో ఎర్నెస్ట్ షాకిల్టన్ అనే ధ్రువ ప్రాంత అన్వేషకుడి ఓడ అంటార్కిటికా దగ్గర మంచులో ఇరుక్కుని మునిగిపోయింది. ఉన్నది 28 మంది, బొచ్చుతో చేసిన వెచ్చటి స్లీపింగ్ బ్యాగులు 18. చీటీలు వేశారు. షాకిల్టన్‌కూ అధికారులకూ పలచటి ఊలు బ్యాగులే వచ్చాయి. చీటీల్లో ఏదో మతలబు జరిగిందని మిగతావాళ్లకు అనుమానమొచ్చింది, మతలబు తమ మేలుకే కాబట్టి ఊరుకున్నారు! ఆ 28 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. 1921లో ఆయన మళ్లీ బయలుదేరితే వాళ్లలో కొందరు తిరిగి వెంట వెళ్లారు. మీ ప్రాజెక్ట్‌లో రిపోర్ట్ ఫార్మాటింగ్ లాంటి విసుగు పని ఏదో ఉంటుంది. ఈసారికి అది మీరు తీసుకుని, పేరొచ్చే డెమోను వేరొకరికి ఇవ్వండి.

ఇవన్నీ చేసినా కదలనివాడు ఒకడు ఉంటాడు. అతనితో గ్రూప్‌లో కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడండి. కారణం అడగండి, నిజంగా వినండి. తక్కువ మాట్లాడేవాళ్లకు ఇక్కడే లాభం, ఎదుటివాళ్లు చెప్పింది మధ్యలో తుంచరు. అయినా మారకపోతే, 'నీ భాగం ఖాళీ ఉందని గైడ్‌కు చెప్పాల్సి వస్తుంది' అని ముందు అతనికే చెప్పి, ఆ తర్వాతే గైడ్ దగ్గరికి వెళ్లండి. అది చాడీ కాదు. పని చేసినవాళ్లకు అన్యాయం జరగకుండా చూడటం కూడా మీ బాధ్యతే.

ఇంటర్వ్యూలో లీడర్‌షిప్ గురించి అడిగితే గుణగణాల జాబితా అప్పజెప్పొద్దు. అలాంటివి వాళ్లు రోజంతా వింటూనే ఉంటారు. ఈ ప్రాజెక్ట్ సంగతే చెప్పండి: మొదట అంతా ఒక్కదాన్నే చేశాను, అది ఎందుకు పనికిరాలేదు, ఏం మార్చాను, ఎవరు ఏ పని పూర్తి చేశారు. 'తర్వాత మీరేం నేర్చుకున్నారు' అని ఎదురు ప్రశ్న వేస్తే, పాత మెసేజ్‌కూ కొత్త మెసేజ్‌కూ తేడా చెబితే సరిపోతుంది.